అక్క బటన్ ఒకటి, బావ బటన్ రెండు

నా చేతి పనిని ఎవరైనా తప్పుపడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఇరవై ఏళ్ళుగా కార్ల కరెంటు పని చేస్తున్నవాణ్ణి మరి. అందుకే డ్రైవింగ్ పరీక్ష మైదానం గేటు దగ్గర అక్క "ఎడమ అద్దం నేల చూస్తోందిరా" అనగానే, వెనక సీట్లో ఉన్న బావ మీద విరుచుకుపడ్డాను.

"మీరేగా వేలు పెట్టింది?"

"నా బటన్ రెండయ్యా బాబూ! ఒకటి జోలికి వెళ్తే మీ అక్క ఊరుకుంటుందా?" అన్నాడు బావ.

అక్క మెడకు ఆపరేషన్ అయి ఏడాదైంది. మెడ పక్కకు తిరగదు. ఇంటింటికీ వెళ్ళి రోగులకు కట్లు మార్చే నర్సు ఆమె. కారు లేకపోతే ఉద్యోగం లేదు. అద్దాలు చూసుకుంటూనే బండి నడపగలనని ఇవాళ అధికారికి చూపించాలి. లేకపోతే లైసెన్సు పోతుంది. పిలుపుకు ఇరవై నిమిషాలే ఉంది.

ఆ అద్దంలో మోటారు చెడిపోతే నిన్న కొత్తది వేసింది నేనే. అందులో పెద్ద మాయేమీ లేదు. అద్దం వెనక రెండు బుల్లి మోటార్లుంటాయి. ఒకటి పైకీ కిందికీ, ఇంకొకటి పక్కలకూ తిప్పుతుంది. ఎంత తిరిగిందో సెన్సార్లు చెబుతాయి. మనకు కుదిరిన చోట ఆపి 'సెట్' నొక్కి, ఆ వెంటనే మన నంబరు నొక్కితే కారు ఆ కొలతను గుర్తుపెట్టుకుంటుంది. బావ పొడుగు, అక్క పొట్టి. ఆయన దిగాక ఆమె 'ఒకటి' నొక్కితే చాలు, అద్దాలు ఆమె కొలతకు వచ్చి ఆగుతాయి.

నిన్న అక్కను కూర్చోబెట్టి అదంతా చేయించాను కూడా. మరి ఇదేమిటి?

"మళ్ళీ నొక్కు," అన్నాను. నొక్కింది. అద్దం బుద్ధిగా తిరిగి వెనక చక్రాన్ని చూపించింది.

"వెనక్కి తీసేటప్పుడు బాగానే ఉంటోందిరా. ముందుకు పోతేనే ఇలా."

"ఏదీ, రివర్సు వెయ్యి."

వేసింది. అద్దం లేచి, సరిగ్గా ఆమెకు కావలసిన చోట ఆగింది.

నాలుక కరుచుకున్నాను. రోడ్డు అంచు కనిపించడం కోసం, రివర్సు వేసినప్పుడు ఈ కారు ఎడమ అద్దాన్ని వేరే కొలతకు తిప్పుతుంది. ఆ కొలతను విడిగా దాచుకుంటుంది. నిన్న షెడ్డులోంచి బండి తీసే తొందరలో, గేరు రివర్సులో ఉండగానే సెట్ చేయించాను. ముందుకు పోయే కొలత పాతదే మిగిలిపోయింది. కొత్త మోటారుకు అది కుదరలేదు.

"న్యూట్రల్ చెయ్యక్కా. ఇప్పుడు తిప్పు. పక్క లైను కనిపిస్తోందా?"

"ఇంకొంచెం... ఆఁ, కనిపిస్తోంది."

"సెట్ నొక్కు. ఒకటి నొక్కు. ఇప్పుడు రెండు నొక్కి, మళ్ళీ ఒకటి."

అద్దం బావ కొలతకు వెళ్ళి, అక్క కొలతకు తిరిగి వచ్చింది. హమ్మయ్య!

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అన్నాడు బావ.

అధికారి ఎక్కాడు, కారు వెళ్ళింది. మేమిద్దరం గోడ పక్కన అరగంట నిలబడ్డాం. తిరిగొచ్చి కారు దిగిన అక్క, మెడ తిరగదు కనుక మనిషంతా మా వైపు తిరిగి నవ్వింది.

"ఇచ్చేశారు!"

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"నిన్న గేరు రివర్సులో ఉండటం చూశానురా నేను," అంది అక్క.

"మరి చెప్పవేం?"

"చెబితే నీకు ఒళ్ళు మండుతుందిగా."

"మండితే మండనీ," అన్నాను. "ఇకమీదట చెప్పక్కా."