ఆపద సంచి

అత్త సాయవ్వ షుగరు గోలీలు లెక్కపెడుతూ నీల మళ్లీ లెక్క తప్పింది. పదిహేడు దాకా వచ్చాక అంకెలు ఎటో కొట్టుకుపోతున్నాయి. ఈ మధ్య ఇంతే. కూర్చుంటే నేల కొంచెం ఊగుతుంది, నిలబడితే గోడ కొంచెం దూరం జరుగుతుంది. మొదట్లో భయపడింది గానీ ఇప్పుడు అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే కాస్త హాయిగా కూడా ఉంది, ఎవరో తనను ఎత్తుకుని తిప్పుతున్నట్టు. పెళ్లయ్యాక తనను ఎత్తుకున్నవాళ్లెవరు గనక!

పోయిన వానాకాలం సిరిసిల్లలో వాళ్ల గల్లీలోకి మోకాళ్ల దాకా నీళ్లొచ్చాయి. ఎదురింటి మేడ మీద రెండు రోజులు తలదాచుకున్నారు. గోలీలు లేక అత్త కళ్లు తేలేసింది, ఆధార్ కార్డులు నాని ముద్దయ్యాయి. అందుకే ఈసారి మహిళా సంఘంలో గట్టిగా చెప్పారు. ఇంటికో సంచి సిద్ధంగా ఉండాలి, టార్చి, గోలీలు, జిరాక్సులు, ఒక పూటకు అటుకులు అందులో పెట్టాలి, ఇంట్లో ఎవరికి ఏ జబ్బో ఏ మందో కాగితం మీద రాసి పైన అంటించాలి. నీల ఈ మాట చెప్పడం పూర్తికాకముందే "గవన్నీ నువ్వు చూస్కో" అన్నాడు భర్త సంతోష్. ఆపద అందరిదట, సిద్ధం కావడం మాత్రం నీల పని.

చూసుకుంటూనే ఉంది. సాయవ్వకు షుగరు, బీపీ. సంతోష్‌కు దుమ్ము పడదు, పీల్చే మందు ఉండాలి. తొమ్మిదో తరగతి చదివే కూతురు మనీషాకు పల్లీలు పడవు. ఇవన్నీ ఆమెకు నిద్రలో లేపి అడిగినా వస్తాయి. నాలుగో గీత మీద తన పేరు రాసి ఆగిపోయింది.

నెల కిందట కోరుట్లలో ఉండే అక్క పుష్ప ఆమెను బలవంతాన జగిత్యాల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. గర్భసంచిలో గడ్డ ఉందనీ, నెలనెలా ఇంత రక్తం పోతే మనిషి నిలవదనీ, పన్నెండు ఉండాల్సిన రక్తం ఏడే ఉందనీ, ఆపరేషన్‌కు ఇక ఆగొద్దనీ చెప్పింది డాక్టరమ్మ. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే సంతోష్ సాంచ మీంచి చూపు తిప్పకుండానే "గీ బీము దిగనీ, పోదాం" అన్నాడు. కరెంటుతో నడిచే మగ్గాన్ని ఆ ఊళ్లో సాంచ అంటారు. నిలువుపోగులు చుట్టిన లావాటి రోలరు బీము. ఒకటి దిగిందంటే ఇంకోటి భుజాల మీద మోసుకొచ్చి ఎక్కిస్తారు. ఈ నెలలో ఎన్నో దిగాయి, ఎన్నో ఎక్కాయి, నీల మాట మాత్రం మళ్లీ ఎత్తినవాళ్లు లేరు.

"ఆడోళ్లకు గిది మామూలే పిల్లా. నేను గిట్లనే దారం కండెలు చుట్టుకుంట నలుగుర్ని కన్న" అంది సాయవ్వ. ఆవిడ కోపంగా ఏం అనలేదు, ఓదార్పుగానే అంది, అదే నీలకు ఎక్కువ నొప్పి. ఆ తర్వాత ఇంకో మాట కూడా అంది. "పది దినాలు నువ్వు పండుకుంటే ఇల్లెట్ల నడుస్తది?" దానికి జవాబు కూడా తనే వెతకాలన్నట్టు అందరూ తన వైపే చూశారు.

ఆ మధ్యాహ్నం మనీషా బడికి పోయింది, సాయవ్వ పక్కింట్లో ఉంది. అటుకుల డబ్బా దించుదామని నీల వంటింట్లో స్టూలెక్కింది. చేయి పైకెత్తగానే వెలుతురంతా పలచబడి తెల్లటి గుడ్డలా పరుచుకుంది. అరలోని స్టీలు డబ్బాలతో సహా కిందపడింది. ఇల్లంతా మోత.

నేల చల్లగా ఉంది. లేవాలని కూడా అనిపించలేదు. గోడకవతలే షెడ్డు. నాలుగు సాంచల చప్పుడులో ఒక్క పోగు తెగితే పసిగట్టే మనిషి సంతోష్. మొదటి సాంచ ఆగింది. విన్నాడు, అనుకుంది నీల. రెండోది ఆగింది. వస్తున్నాడు. మూడోది. నాలుగోది. పదహారేళ్లలో పగటిపూట ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఆమె ఎరగదు. దూరంగా ఎవరింట్లోనో కుక్కర్ కూసింది. ఇప్పుడు "నీలా" అంటాడు. అనకపోయినా "ఏమైందే" అని పరుగెత్తుకొస్తాడు. ఆశగా ఉంది, సిగ్గుగా కూడా ఉంది, కొత్త పెళ్లికూతురిలా తలుపు వైపు చూస్తూ పడుకుంది.

"నాడె ఎగిరిందనుకున్న. అన్ని మంచిగనే ఉన్నయ్" అని అవతల సంతోష్ తనలో తాను అనుకోవడం వినిపించింది.

దారం మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తే నాడె ఒక్కోసారి అదుపుతప్పి సాంచలోంచి ఎగిరి గోడకు తగులుతుంది. డబ్బాల మోతను అతను అదే అనుకున్నాడు. ఒక్కో సాంచనూ తడిమి చూసుకుని నిమ్మళించాడు. మొదటిది మొదలైంది. రెండోది. మూడోది. నాలుగోది.

నీలకు ఏడుపు రాలేదు. కోపమొచ్చింది. ఇన్నాళ్ల మగతలో ఆమెకు మొదటిసారి స్పష్టంగా తెలిసింది అదొక్కటే. గోడ పట్టుకుని లేచి, కాసిని నీళ్లు తాగి, కాగితం ముందు కూర్చుంది. తన పేరు పక్కన జబ్బు మొత్తం రాసింది. దాని కింద అత్త గోలీల వేళలూ, మనీషా టిఫిన్ సంగతీ రాసి, వాటి పక్కన సంతోష్ పేరు పెట్టింది. ఇంకో సంచిలో రెండు చీరలూ డాక్టరమ్మ చీటీ సర్దుకుని అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, పొద్దుమూకకముందే జగిత్యాలల ఉంట. నువ్వు బస్టాండుకు రా."

"మరిది ఒప్పుకున్నడా?"

"అడగలే."

షెడ్డులోకి వెళ్లి మెయిన్ స్విచ్ కిందికి లాగింది. నాలుగు సాంచలూ ఒక్కసారే ఆగాయి. సంతోష్ ముందు సాంచలను చూశాడు, తర్వాత బల్బును, ఆఖరికి ఆమెను.

"కరెంటు పోయిందా?"

"పోలే. నేనే బంద్ జేసిన. ఆపరేషన్‌కు పోతున్న. అత్తమ్మ గోలీలు ఎప్పుడెయ్యాల్నో కాగితం మీద రాసిన, నువ్వే ఎయ్యాలె."

"ఇప్పటికిప్పుడు ఏమైందని?"

"వంటింట్ల పడ్డ."

అతని మొహం తెల్లబోయింది. "ఎప్పుడు? నాకు ఇనవడలేదే!"

"ఇనవడ్డది. నాలుగు సాంచలు ఆపి చూసి, అన్ని మంచిగనే ఉన్నయనుకున్నవ్ గదా, గప్పుడు."