మొదటి పార

పార మళ్ళీ రాతికే తగిలింది. ఖోసియత్ చెయ్యి భుజం దాకా జివ్వుమంది. నాలుగు రోజులుగా ఇదే వరస. నడుంలోతు కందకం తవ్వాలి, రాళ్ళు ఏరి పక్కన పొయ్యాలి, అడుగున ఎరువు పరచాలి. ద్రాక్ష కొమ్మలు నాటేది ఆ తర్వాత. తోట ఊళ్ళో ఆస్తిపరుడు ఇసోమ్ బాయ్‌ది. తవ్వేది మా ఊరి ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పన్నెండు మంది. కూలి లేదు. ఎందుకంటే ఆయన దీన్ని హషర్ అన్నాడు.

మా ఊళ్ళో ఆ మాట వినబడ్డాక కాదనడం ఉండదు. ఎవరి ఇల్లు కూలినా ఊరంతా పారలు పట్టుకుని పోతుంది, ఇంటివాళ్ళు పలావు వండి పెడతారు. మొగుడు చనిపోయిన ఏడాది వసంతపు వానలకు ఖోసియత్ ఇంటికప్పు కూలితే, రెండు రోజుల్లో నిలబెట్టింది ఆ హషరే. పిలుపొస్తే ఆమె జ్వరంతోనైనా లేచి వస్తుంది. ఆ సంగతి ఇసోమ్ బాయ్‌కి బాగా తెలుసు.

"అత్తా, పలావు వాసనేమైనా తగుల్తోందా?" అంది పక్కన తవ్వుతున్న గుల్‌సనమ్.

"ఆశ చూడు! ఎండు రొట్టె, చల్లారిన టీ. అదే నీ పలావు."

ఊరి నీళ్ళ వంతులు చూసే నోర్‌బుతా తాడూ మేకులూ పట్టుకుని వచ్చాడు. ఖోసియత్‌కి మరిది. కందకం నుంచి ఊరి కాలువ దాకా తాడు లాగాడు.

"ఇటు రండి. కాలువ గట్టు ఇక్కడ తెంచాలి."

"దీని కిందేగా నా టమాటా మడి!" అంది ఖోసియత్. "మరి నా బేస్తవారం వంతు?"

నోర్‌బుతా తలెత్తలేదు. "బేస్తవారం ఇక ద్రాక్షకి వదినా. లేత మొక్కలు కదా, బాగా తడవాలంట. నేనేం చెయ్యను, పైనుంచి చెప్పారు."

చలికాలం పిండీ బొగ్గూ ఆ మడిలోంచే రావాలి. దాని గొంతు తన చేత్తోనే కోయిస్తున్నారు. ఖోసియత్‌కి కోపం కూడా రాలేదు. నిలువునా అలసట కమ్ముకుంది. కూర్చుంటే ఇక లేవలేననిపించింది.

మల్బరీ చెట్టు నీడలో, కారు పక్కన తెల్లచొక్కాతో నిలబడ్డ ఇసోమ్ బాయ్ కేకేశాడు. "ఏమక్కా, ఆగిపోయారు? హషరన్నాక తలా ఒక చెయ్యి వెయ్యొద్దూ?"

తలా ఒక చెయ్యి. తన ఇంటికప్పు లేపిన నాడు మొదటి చెయ్యి ఎవరిది? తనదే. మొగుడి పారతో మట్టి తవ్వింది. హషర్‌లో మొదటి పార ఇంటివాళ్ళదే, ఊరు చెయ్యి కలిపేది ఆ తర్వాతే. నాలుగు రోజులుగా ఈ సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు! ఖోసియత్‌కి సిగ్గేసింది.

కందకంలోంచి పైకెక్కి, నీడ దాకా నడిచి పార చాపింది.

"మొదటి పార మీదే బాయ్. వెయ్యండి."

"నాకు నడుం నొప్పక్కా."

"నాకూ నొప్పే. ఇల్లు నిలబెట్టడానికి హషర్ గాని, పొరుగింటి మడి ఎండగట్టడానికి హషరేంటి? తెంచాలనుంటే ఊరు చూస్తుండగా మీ చేత్తోనే తెంచండి. నేను మాత్రం తెంచను."

"నోర్‌బుతా, మీ వదినకి చెప్పవయ్యా!"

నోర్‌బుతా తాడు చుట్టుకోసాగాడు. వెనక పారల చప్పుడు ఆగింది. గుల్‌సనమ్ కందకం అంచున చతికిలబడింది.

ఇసోమ్ బాయ్ పార వైపు చూశాడు, తన తెల్లచొక్కా వైపు చూసుకున్నాడు. ఖోసియత్ చాపిన పార దించలేదు.