వెనక సీటు

కారు కొన్న రోజు నుంచీ ముందు సీటు నాంచారమ్మది. మోకాళ్ళు వంగవని ఆమె కొడుకు యుగంధర్ పక్కన కాళ్ళు బారజాపుకుని కూర్చునేది. కోడలు మహేశ్వరి పాపని ఒళ్ళో వేసుకుని వెనక కూర్చోవాలి. ఈమధ్య పెట్రోలు కంపు కొట్టేది ఆ వెనకే.

యుగంధర్ బానెట్ ఎత్తి ఇంజను మీదికి వంగి వాసన చూశాడు. "ఇక్కడ లేని కంపు నీ దగ్గరికెలాగ వస్తాదే?"

"ట్యాంకు నిండా కొట్టించినప్పుడు గుప్పుమంటాదండి. సగానికి దిగితే తగ్గిపోతాది. ఒళ్ళో గుంట దగ్గుతోంది, చూడండి."

"విన్నావా అమ్మా? ఎనిమిదిలో బడి మానేసిన మేడమ్‌గారు నాకు ట్యాంకు పాఠం చెప్తన్నారు."

నాంచారమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "బుర్రకెళ్ళాల్సిందంతా ముక్కుకెళ్ళిపోనాదిరా దీనికి!"

ఆ ఇంట్లో అప్పటికే మహేశ్వరి మీద ఇంకో నేరం నడుస్తోంది. పాప కోసం ఆమె అమ్మ విజయనగరం నుంచి పంపిన సబ్బు, ఏనుగు బొమ్మ అచ్చున్న గులాబీ రంగుది, కనబడకుండా పోయింది. కొత్త సబ్బుని నీళ్ళలో వదిలేసి కరిగించేసిందని అత్తగారు వాళ్ళుండే గుఢియారీ సందులో అందరికీ చెప్పింది. ఇంకోటి కొననివ్వలేదు. "బట్టల సబ్బుతో రుద్దు. అప్పుడు తెలుస్తాది నీకు." పాప మెడ మడతలు కందిపోయి ఎర్రబడ్డాయి. స్నానం చేయించినప్పుడల్లా గుక్కపట్టి ఏడ్చేది.

పుట్టువెంట్రుకలు తీయించడానికి రాజిమ్ గుడికి వెళ్ళాలనుకున్నారు. ముందు రోజు పొద్దున్నే యుగంధర్ ట్యాంకు నింపుకొచ్చాడు. మహేశ్వరి వెనక తలుపు తీసేసరికి కళ్ళు మండాయి. ఇంతలో నాంచారమ్మ అగరుబత్తులు వెలిగించుకుని వచ్చింది. "కంపు, కంపు అని చంపేస్తన్నావు కదా. అప్పన్న ముందర పెడితే అదే పోద్ది." వాటిని డాష్‌బోర్డు మీది దేవుడి పటం ముందు గుచ్చింది. వాటి కొసలు ఎర్రగా రాజుకుంటున్నాయి.

మహేశ్వరికి ఇంకేమీ కనబడలేదు. చంకలో పాపతోనే ముందు తలుపులోంచి దూరి, వేళ్ళు నాలికతో తడుపుకుని ఆ నిప్పుని నలిపేసింది.

చెంప మీద అత్తగారి దెబ్బ ఫెళ్ళుమంది.

"దేవుడికి ఎలిగించింది ఆర్పేసినాది! ఒలమ్మా, చూసినారా దీన్ని? శుభమా అని గుంటకి తలనీలాలిస్తంటే, శనిగొట్టుది!"

ఎదురింటి వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. అందరూ చూస్తుంటే యుగంధర్‌కి రోషం పుట్టుకొచ్చింది. పెళ్ళాన్ని భుజం పట్టుకుని పాపతో సహా వెనక సీట్లోకి తోశాడు. అద్దాలు బిగించి, తాళంచెవి తీసుకుని, రెండు వెనక తలుపుల అంచునా పిల్లల కోసం పెట్టిన లాకులు నొక్కి మూసేశాడు. వెనక తలుపులు ఇక బయటి నుంచే తెరుచుకుంటాయి.

"నీ ముక్కే కదా మీటరు! చూసి చెప్పు!"

ఆమె అద్దం మీద బాదింది. ముందు సీట్లోకి దాటుదామంటే ఒళ్ళో పిల్ల. యుగంధర్ చెవి వెనక చెయ్యి పెట్టుకుని వంగాడు. "ఏటి? వినబడ్డం లేదు! వాసన వస్తోందా?" ఎదురింటి ఆవిడ ఎవరో కిసుక్కుమంది.

పాప దగ్గి దగ్గి పాలు కక్కేసింది. అప్పుడు తీశాడు తలుపు. "అరే, సీటు కవరు!" అన్నాడు.

కవరు తుడిచాక కారుని భన్‌పురిలో స్నేహితుడు హరీష్ గ్యారేజీకి తీసుకెళ్ళాడు. "వాడు వాసన లేదంటే మళ్ళీ జన్మలో నోరెత్తకు," అని మహేశ్వరిని కూడా ఎక్కించాడు. ఆమె దారంతా అద్దం దించి పాప తల బయటికి పెట్టి పట్టుకుని కూర్చుంది.

హరీష్ వెనక తలుపులోంచి తల పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "ఇదేం కంపు భాయ్! ట్యాంకులో కూర్చున్నట్టుంది." సీటు ఎత్తి పడేశాడు. కింద ట్యాంకు మీద గుండ్రటి మూత. దాని చుట్టూ తడి. మూత కింద రబ్బరు ఉండాల్సిన చోట గులాబీ రంగు ముద్ద ఎండి, పగిలి ఉంది. హరీష్ దాన్ని గోరుతో గీకి చూసి విరగబడి నవ్వాడు.

"సబ్బు! సబ్బెట్టింది ఎవడ్రా? అగ్గిపుల్ల గీసుంటే మీ ఫ్యామిలీ మొత్తం సీధా పైకే!"

యుగంధర్ కూడా నవ్వేశాడు. "పెట్రోలు గేజీ ముల్లు కదలట్లేదని నేనే విప్పాన్రా. రబ్బరు తెగిపోనాది. ట్యాంకు కారితే లారీ వాళ్ళు సబ్బే కదా పెడతారు."

మహేశ్వరి వంగి చూసింది. ఒక పెళ్ళ మీద ఏనుగు తొండం ఇంకా చెరిగిపోలేదు.

"ఇది గుంట సబ్బండి," అంది.

"అయితే? సబ్బు ముక్కకి ఏడుస్తావేటి? చుప్!"

హరీష్ సబ్బంతా గీకేసి, అంచు శుభ్రంగా తుడిచి, కొత్త రబ్బరు వేసి మూత బిగించాడు. కారుని అటూ ఇటూ ఊపి, మూత చుట్టూ కాగితం అద్ది చూశాడు. తడి లేదు. తలుపులన్నీ బార్లా తెరిచి చాలాసేపు ఎండలో ఉంచాడు. కంపు పోయింది.

సంగతి విన్న నాంచారమ్మ కొడుకుని ఒక్క మాట అనలేదు. కోడలి వైపు తిరిగింది. "మగాడు, ఏదో చేసినాడు. తల్లివి నువ్వు గట్టిగా చెప్పొద్దా? ఇన్నాళ్ళూ గుంటని ఆ కంపులో కూకోబెట్టినావు. నీకు మనసెలాగ ఒప్పినాదే?"

 మహేశ్వరి పాప మెడకి కొబ్బరినూనె రాస్తూ కూర్చుంది.

మర్నాడు యుగంధర్ సంచులు పెట్టమని తాళంచెవి ఆమెకిచ్చి స్నానానికి వెళ్ళాడు. మహేశ్వరి వెనక తలుపు తీసి పట్టుకుంది.

"అత్తయ్యా, ఒక్కసారి మీరు ఎనక కూకోండి. నా ముక్కుని నానే నమ్మలేకపోతన్నాను. గుంటని ఎక్కించేముందు పెద్దోరు, మీరు చూసి చెప్పాలి."

పెద్దదాన్ని అడిగిందని నాంచారమ్మ ముఖం విప్పారింది. మూలుగుతూ ఎక్కి, సీటు నిండా సర్దుకుంది. మహేశ్వరి మెల్లగా తలుపు వేసింది. నిన్న యుగంధర్ నొక్కిన లాకులు అలాగే ఉన్నాయి, అద్దాలూ బిగించే ఉన్నాయి.

"ఏ కంపూ లేదే. తియ్యి."

తలుపు తెరుచుకోలేదు. ఆమె పిడి లాగింది. అటువైపు జరిగి అదీ లాగింది. ముందు సీటు వైపు చూసింది, తన మోకాళ్ళు చూసుకుంది. అరచేత్తో అద్దం మీద కొట్టడం మొదలుపెట్టింది. నోరు పెద్దగా తెరుచుకుంటోంది, బయటికి మాత్రం సన్నగా వస్తోంది. ఎండ అప్పుడే కారు మీద పడుతోంది. ఇంట్లో, స్నానాల గదిలో బకెట్లో నీళ్ళు నిండుతున్న చప్పుడు ఇంకా ఆగలేదు.

మహేశ్వరి తాళంచెవిని కొంగున ముడేసుకుంది. పాపని చంకలోకి సర్దుకుని, చెవి వెనక చెయ్యి పెట్టుకుని వంగింది.

"ఏటి అత్తయ్యా? వినబడ్డం లేదు. వాసన వస్తోందా?"

పాపకి ఇదేదో ఆటలా ఉంది. కిలకిలా నవ్వుతూ బయటి నుంచి అద్దం మీద అది కూడా కొడుతోంది.