ఎడమ చక్రం మోటారు

శాంతికుమార్ ఆ రోజు తాగి డ్యూటీకి వచ్చాడని భారతమ్మ అన్నదట. తాగిన చేతులతో డంపరు చక్రం మోటారులో బ్రష్షులు తలకిందులుగా పెట్టాడట, అందుకే మోటారు పేలిందట, సొంత బావ ప్రాణం మీదికి తెచ్చాడట. ఆమెకు ఈ సంగతి పాలుపోసే మనిషి చెప్పాడు. అతనికి గని క్యాంటీన్‌లో ఎవరో చెప్పారు.

పక్కింటి గోడ మీదుగా విన్నదంతా సంపూర్ణ మొగుడి కంచంలో పప్పు వడ్డిస్తూ అప్పజెప్పింది. భారతమ్మది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. ఆమె గొంతు పెట్టి మరీ చెప్పింది సంపూర్ణ.

"'మీ తమ్ముడు ఇలా చేశాడేంటమ్మా, అక్క కాపురం గుర్తుకు రాలేదా వాడికి?' అని అడుగుతాంది. నేనేం చెప్పాలె? శాంతి ఎన్నడన్న తాగిండా? నువ్వే చెప్పు."

షాలేమ్‌రాజు నోట్లో ముద్ద పెట్టుకుని నమలడం మరిచిపోయాడు.

"నిన్నే."

"తాగలే," అన్నాడు. "తాగిండని నేననలే."

"నువ్వన్నవని ఎవలన్నరు?"

షాలేమ్‌రాజు చెంబు ఎత్తి నీళ్లు తాగాడు. తాగిండని అనని మాట నిజమే. కానీ ఆ మాటకు తల్లి తన నోరే. తను వదిలినప్పుడు అది బక్కపలచటి మాట. షెడ్డు, క్యాంటీను, పాలకేంద్రం తిరిగి, దొరికిందల్లా తిని లావెక్కి, గోడ దూకి ఇప్పుడు తన కంచం ముందే వచ్చి కూర్చుంది.

రెండువేల ఆరు, గోదావరి భద్రాచలం మెట్లు మింగిన ఏడాది. షాలేమ్‌రాజు అడవి అంచున ఉన్న బొగ్గు గనిలో డంపరు ఆపరేటరు. పర్మనెంటు నౌకరి, తండ్రి తర్వాత తనకు వచ్చింది. దానికంటే ముందు వెదురు లారీ నడిపేవాడు. అడవిలో లోడెత్తుకుని సారపాక కాగితం మిల్లు దాకా. దిగుడు రాగానే గేరు తీసేసి, లారీని న్యూట్రల్‌లో వదిలిపెట్టి, ఇంజను చప్పుడు లేకుండా జారుకుంటూ పోవడం ఆ డ్రైవర్లకు ఒక విద్య. ఎంత పొడుగు దిగుడు గేరు ముట్టకుండా దించితే అంత మొనగాడు. షాలేమ్‌రాజు పేరు దమ్మపేట దాకా తెలుసు. ఆ గొప్ప ఒంట్లోంచి పోలేదు.

డంపరు లారీ కాదు. దీనికి గేర్లు లేవు, ముందుకు, న్యూట్రల్, వెనక్కి అని ఒక్క లివరే. వెనక రెండు వైపులా రెండేసి టైర్లు, ఒక్కోటి మనిషికంటే ఎత్తు. ఆ జంట టైర్ల నడుమ గుమ్మటంలో ఒక్కో వైపు ఒక్కో కరెంటు మోటారు దాక్కుని ఉంటుంది. ముందున్న డీజిలింజను చక్రాలను తిప్పదు, జనరేటరును తిప్పుతుంది. అక్కడ పుట్టిన కరెంటు లావుపాటి కేబుళ్లలో వెనక్కి పోయి మోటార్లను తిప్పితే, అవి టైర్లను తిప్పుతాయి. దిగుడులో ఈ కథంతా తిరగబడుతుంది. బండిని నిమ్మళం చేసే రిటార్డరు పెడల్ తొక్కితే టైరే మోటారును తిప్పుతుంది, మోటారే కరెంటు చేస్తుంది. ఆ కరెంటును క్యాబిన్ వెనకున్న ఇనుప గ్రిడ్లు వేడిగా మార్చి గాలిలోకి ఊదేస్తాయి. అంత పెద్ద బండి పరుగు అట్లా వేడిగాలి అయిపోయి, నెమ్మదిగా దిగుతుంది. దిగినంతసేపూ ఊదుడు ఫ్యాను హోరు చెవులు చిల్లులు పడేలా ఉంటుంది.

"లివరు న్యూట్రల్‌ల పెట్టి దించకున్రి," అని ట్రైనింగులో ఫోర్‌మెన్ హీరాలాల్ మరీ మరీ చెప్పాడు. "చక్రాన్ని పట్టేది మోటారే. దాని చెయ్యి ఇడిపిస్తే టైర్లు దాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పుతయ్. పగులుతది."

అందరితో పాటు షాలేమ్‌రాజు కూడా తలూపాడు. మొదటి ఏడాది మాట దాటలేదు. తర్వాత ఒకరోజు, లోడెత్తే షావెల్ దగ్గర వరసలో ముందుండాలని, చివరి దిగుడులో ఒక్కసారి లివరు న్యూట్రల్‌కు తోశాడు. హోరు ఆగిపోయింది. బండి గాలిలో తేలినట్టు జారింది. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే వచ్చిన చిక్కు. ఆ తర్వాత అప్పుడప్పుడూ, ఎవరూ చూడని మలుపులో, చేయి దానంతట అదే లివరు మీదికి పోయేది.

ఆ రోజు ఖాళీ బండితో గని గుంతలోకి దిగుతున్నాడు. వాన వెలిసి రోడ్డు కడిగినట్టుంది. లివరు న్యూట్రల్‌లో ఉంది. ఈసారి ముందుకంటే పొడుగు దిగుడు వదిలాడు. స్పీడు మించితే మొత్తుకునే బజరు మొత్తుకుంది. ఇంకో నిమిషం ఆగి తొక్కుదాంలే అనుకున్నాడు. వెనక ఎడమవైపు పిడుగు పడ్డ చప్పుడు. అద్దంలో నీలం వెలుగు, జంట టైర్ల నడుమ నుంచి నల్లటి పొగ. ఆ వైపు చక్రం బిగుసుకుపోయి బండి పక్కకు లాగింది. రోడ్డంచున మట్టికట్టను గుద్దుకుని, ముక్కు అందులో కూరుకుపోయి ఆగింది. కట్ట అవతల అంతా గుంతే.

ఇంజను ఆపాడు. కింద ఎవరో అరుస్తూ పరుగెత్తుకొస్తున్నారు. అప్పుడు చేశాడా పని. వాళ్లు నిచ్చెన ఎక్కేలోపు లివరును న్యూట్రల్ నుంచి ముందుకు తోశాడు. చిన్న పని. టక్కుమని ఒక చప్పుడు. ప్రాణం పోయి వచ్చిన ఆ క్షణంలో ముందు గుర్తొచ్చింది దేవుడు కాదు, లివరు.

హీరాలాల్ జీపు దిగి అడిగాడు. "ఏమైంది రాజూ?"

"ఏమో సారూ. దిగుతాంటే పేలింది." ఒక్క గుక్క ఊపిరి తీసుకుని, "పొద్దుగాల్నే ఆ మోటారు బ్రష్షులు మార్చిన్రు," అన్నాడు.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. పొద్దున్నే బ్రష్షులు మార్చారు. మార్చింది శాంతికుమార్. ఇరుసు డబ్బా వెనక మూత తీసి, పిల్లిలా లోపలికి దూరి, మోటారుకు కరెంటు అందించే నల్లటి బొగ్గు బిళ్లలను ఒక్కోటి తీసి కొత్తవి పెట్టే కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్ అతడే. సంపూర్ణ తోడబుట్టిన తమ్ముడు. ఆ కాంట్రాక్టు పని పెట్టించింది కూడా షాలేమ్‌రాజే.

హీరాలాల్ ఎడమ చక్రం వైపు చూశాడు. ఇంకేమీ అడగలేదు.

కాలిన మోటారును విప్పి దూరంగా ఉన్న పెద్ద వర్క్‌షాపుకు పంపారు. అక్కడినుంచి మాట రావాలంటే నెలలు పడుతుంది. అంతదాకా ఎవరో ఒకరి మీద తప్పు నిలబడాలి. పర్మనెంటు మనిషిని అనాలంటే చార్జిషీటు ఇవ్వాలి, విచారణ పెట్టాలి, యూనియన్ వస్తుంది. కాంట్రాక్టు మనిషికి అవేవీ అక్కర్లేదు. శాంతికుమార్ దగ్గర గేటు పాసు లాక్కుని అతన్ని ఇంటికి పొమ్మన్నారు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పేవాళ్లు లేచి నిలబడండన్నారు. షాలేమ్‌రాజు లేవాలనుకోలేదు. ఆడవాళ్ల వైపు నుంచి సంపూర్ణ కళ్లతోనే లేపింది. చావు తప్పించుకున్నవాడు లేచి దేవుణ్ని స్తుతించకపోతే ఎట్లా? లేచాడు. మొదలుపెట్టాక ఆగలేదు.

"ఆ కట్ట లేకపోతే నేనీడ లేను. ఎవల చేతి తప్పుకో నేను పోవాల్సింది. ప్రభువు అడ్డం నిలబడ్డడు."

చాపల మీద కూర్చున్నవాళ్ల తలలన్నీ మెల్లగా శాంతికుమార్ వైపు తిరిగాయి. "ఆమెన్" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. తల వంచుకుని శాంతికుమార్ కూడా అన్నాడు. అతని భార్య ఏంజెల్ మాత్రం పెదవి కదపలేదు. మాటను మెత్తగా చేయడం రాని మనిషి ఆమె. షాలేమ్‌రాజు కూర్చునేదాకా అతన్నే చూసింది.

భారతమ్మ మాట ఇంటికి వచ్చిన మర్నాడు శాంతికుమార్ వచ్చాడు. దెబ్బలాటకు వచ్చాడేమో అనుకున్నాడు షాలేమ్‌రాజు. అతడు గడప మీద కూర్చుని, చెప్పుకు అంటిన బురద పుల్లతో గీకుతూ మెల్లగా మొదలుపెట్టాడు.

"బావా, ఒక మాట అడుగుత, ఏమనుకోకు."

"అడుగు."

"బ్రష్షు పెట్టినంక స్ప్రింగు పట్టిందా లేదా అని ఒక్కొక్కటి వేలుతోటి లాగి చూసిన. చూసిన్నే అనుకుంట. ఇప్పుడు నాకే అనుమానమొస్తాంది. కండ్లు మూస్తే ఆ డబ్బాల్నే ఉంటున్న." పుల్ల పక్కన పెట్టాడు. "దిగేటప్పుడు లివరు ముందరికే ఉండె గద?"

"ఉండె."

"పెడల్ మీద కాలుండె?"

"ఉండె."

"అయితే ఇంక నా చెయ్యే," అన్నాడు శాంతికుమార్. రెండు అరచేతులూ తిప్పి చూసుకున్నాడు. గోళ్ల మూలల్లో బొగ్గు బిళ్లల నలుపు ఇంకా పోలేదు. "నువ్వు పోయినట్టయితే అక్క ముఖం ఎట్ల చూస్తుంటి బావా. నన్ను మాఫ్ చెయ్."

పోతూ పోతూ వాకిట్లో పడి ఉన్న పొయ్యి కట్టెలను దొంతి పెట్టి పోయాడు.

షాలేమ్‌రాజు ఆ గడప వైపు చూడలేకపోయాడు. నౌకరి తీసేయించడం ఒక ఎత్తు. ఆ కుర్రాడు తిట్టి ఉంటే, కాలర్ పట్టుకుని ఉంటే, ఇద్దరూ సమానమయ్యేవాళ్లు. అతడు తన చేతుల మీదే తనకు నమ్మకం లేకుండా పోయి, తన దగ్గరే మాఫీ అడిగి పోయాడు. ఆ రోజు నుంచి షాలేమ్‌రాజు తన కుడిచేయి కంటబడితే చూపు తిప్పుకునేవాడు. అన్నం కలుపుతుంటే టక్కుమన్న ఆ చప్పుడు వినిపించేది.

ఇవేవీ తెలియని సంపూర్ణ, మొగుడు బతికినందుకు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టింది. వాకిట్లో చర్చి నుంచి తెచ్చిన చాపలు పరిచారు. బగారన్నం, కోడికూర. తమ్ముడినీ మరదలినీ తనే వెళ్లి పిలుచుకొచ్చింది. "ఏదో అయింది, అయిపోయింది. మా ఆయన మనసుల పెట్టుకోడు," అని నచ్చజెప్పి మరీ. శాంతికుమార్ వచ్చినవాడు వచ్చినట్టే పొయ్యి దగ్గర నిలబడి డేగిసా కలబెట్టాడు. ఏంజెల్ ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చుంది. భారతమ్మ గోడ అవతల మోడా వేసుకుని కూర్చుంది.

పొద్దు గూకే వేళకు పాటలయ్యాయి. పాస్టరుగారు బైబిలు మూసి, "సోదరుడు షాలేమ్‌రాజు ప్రభువు చేసిన మేలును ఇంకొక్కసారి మనతో పంచుకుంటాడు," అన్నారు.

షాలేమ్‌రాజు లేచాడు. పొయ్యి దగ్గర నుంచి శాంతికుమార్ గరిటె పట్టుకుని చూస్తున్నాడు. ఆ చూపులో కోపం ఉంటే వెతికి పట్టుకుందామనుకున్నాడు. దొరకలేదు.

"ప్రభువు చేసిన మేలు," అని మొదలుపెట్టి ఆ మాట వదిలేశాడు. "ఆ దినం లివరు న్యూట్రల్‌ల ఉండె."

సగం మందికి అర్థం కాలేదు. గని పని చేసేవాళ్లు మాత్రం తలెత్తారు.

"న్యూట్రల్‌ల దించుకుంట వచ్చిన. బజరు మొత్తుకున్నా తొక్కలే. మోటారు కాలింది నావల్ల. జనం రాకముందే లివరు ముందరికి తోసిన. శాంతి చేతిల తప్పు లేదు. నిన్న మొన్న వాడు వచ్చి మాఫీ అడిగిండు నన్ను. అప్పుడు గూడ చెప్పలే."

సంపూర్ణ చేతిలోని ఇస్తరాకుల కట్ట జారి కిందపడింది. శాంతికుమార్ గరిటె డేగిసాలోనే వదిలేసి తన అరచేతులు చూసుకుంటున్నాడు. గోడ అవతల మోడా కిర్రుమంది.

షాలేమ్‌రాజు ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. ముందు వరసలో ఒక ముసలామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఎవరో లేచి అతని భుజం మీద చేయి వేశారు. ఎంత ధైర్యం కావాలి, అందరి ముందు ఇట్లా ఒప్పుకోవాలంటే, అని వెనక ఎవరో గుసగుసలాడారు. వారాలుగా గుండె మీద ఉన్న బండరాయి దొర్లిపోయినట్టయింది. ఇంత తేలిగ్గా దిగిపోయిందేమిటని లోపల ఎక్కడో అనుమానం కూడా వచ్చింది. లివరు న్యూట్రల్‌కు తోసినప్పుడు కూడా ఒళ్లు ఇట్లాగే తేలిపోయేది. ఆ ఆలోచనకు మళ్లీ సిగ్గేసింది.

పాస్టరుగారు చేయి పైకెత్తారు. "తప్పును ఒప్పుకున్నవాణ్ని ప్రభువు తోసెయ్యడు. దేవునికి స్తోత్రం. అందరూ ఆమెన్ అందామా?"

నలుగురైదుగురు నోళ్లు తెరిచారు.

"ఆగున్రి," అంది ఏంజెల్. ఉల్లిగడ్డలు కోసిన కత్తి పళ్లెంలో పెట్టి, చెంగుకు చేతులు తుడుచుకుంటూ లేచి నిలబడింది. "అన్నా, మా ఆయన పాసు గుంజుకున్నది పాస్టరుగారు కాదు, ఈడ కూసున్నోళ్లు కాదు. ఈడ చెప్తే నీ పానం సుఖపడతది గంతే. పొద్దుగాల షెడ్డుకాడ హీరాలాల్ సారు ముందల నిలబడి గిదే మాట చెప్పు. పోతవా?"