పదిహేడో తారీఖు పేజీ

"వచ్చే నెలకి దేవుడి గుణలక్షణాలు రాసెయ్. ముప్ఫై ఒక్క రోజులు, రోజుకో గుణం," అన్నారు మా ఆయన, విప్పిన సాక్సులు బట్టల బుట్టలోకి విసురుతూ. ఒకటి బుట్టలో పడింది, రెండోది బయట పడింది. వంగి ఆ రెండోదాన్ని తీస్తూ నేను "సరేనండి" అన్నాను. పదకొండేళ్ళుగా అలాగే వంగి, అలాగే సరేనంటున్నాను.

మా ఆయన సంఘ కాపరి, అంటే చర్చి పాస్టరు. అందరికీ అయ్యగారు. నేను అమ్మగారిని. పొద్దున్నే చదువుకోవడానికి రోజుకో పేజీ చొప్పున మా సంఘం నెలనెలా ఒక చిన్న పుస్తకం వేస్తుంది. అట్ట మీద ఆయన ఫోటో, లోపల ఆయన పేరు, రాత నాది. మొదట్లో "జలుబుగా ఉంది, ఈ నాలుగు రోజులూ నువ్వు రాసిపెట్టు" అన్నారు. ఆ జలుబు ఇంకా తగ్గలేదు. గిన్నెలు తోమాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు దొరికే గంటన్నరలో వంటింటి బల్ల మీద కూర్చుని రాస్తాను. మధ్యలో ఫోన్ మోగుతుంది. అయ్యగారున్నారా అని అడుగుతారు. ఉన్నారు, ధ్యానంలో ఉన్నారు అంటాను. అంటే గది తలుపేసుకుని నిద్రపోతున్నారని అర్థం. ఆదివారం ఆరాధన అయ్యాక జనం ఆయన చెయ్యి పట్టుకుని "ఈ వారం పేజీలు నాకోసమే రాసినట్టున్నాయి అయ్యగారూ" అని కళ్ళొత్తుకుంటారు. "మహిమ దేవుడిది" అంటారాయన. మహిమ దేవుడిది, మెప్పు ఆయనది, వేలికి అంటిన ఇంకు నాది. "మావాడి చేత దేవుడే పక్కన కూర్చుని రాయిస్తాడు" అని మా అత్తయ్య నేనిచ్చిన టీ ఊదుకుంటూ అందరితో చెప్పేవారు. నాకు మరీ అంత బాధేమీ ఉండేది కాదు. దాన్ని వినయం అనుకునేదాన్ని. వినయానికీ, నోరు లేకపోవడానికీ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ నెల పదహారు రోజులకి గుణాలు సులువుగానే దొరికాయి. ప్రేమ, దయ, పరిశుద్ధత, క్షమ, మాట తప్పకపోవడం. పదిహేడో రోజుకి నా బుర్ర ఖాళీ అయిపోయింది. పొయ్యి మీద పాలు పొంగుతుంటే పరిగెత్తి దించి, వచ్చి కూర్చుని "ఆలస్యం చేయని దేవుడు" అని శీర్షిక పెట్టాను. చివర్లో ఇలా రాశాను: ఆయన నీ తలుపు తట్టే గడియ ఆయనకు తెలుసు. నీ చోట నువ్వు ఉండు. కదలక, గొణగక ఆయన కొరకు కనిపెట్టుకో. రాసి రెండుసార్లు పైకి చదువుకున్నాను. కదలక, గొణగక. ఆ రెండు మాటలూ పక్కపక్కన భలే కుదిరాయని మురిసిపోయాను. నిజం చెప్పాలి కదా, ఆ రోజు నాకు దేవుడికంటే నా వాక్యమే ముద్దొచ్చింది.

పుస్తకం అచ్చయి వచ్చిన వారంలోనే గుండుసూది మా ఇంటికొచ్చింది. గుండుసూది అంటే మా సంఘంలో కొత్తగా చేరిన కుట్టుపని అమ్మాయి. ఎప్పుడూ పెదవుల మధ్య నాలుగు గుండుసూదులు బిగించుకుని పని చేస్తుంది కాబట్టి ఆడవాళ్ళం ముద్దుగా అలా పిలుస్తాం. గాయక బృందం బట్టలు, ప్రార్థన హాలు కర్టెన్లు, మా అమ్మాయి యూనిఫాం అన్నీ ఆమె చేతివే. మొగుడు లారీ నడుపుతాడు. సంఘంలో కూర్చున్నంతసేపూ మహా మెత్తటి మనిషి.

ఆ శనివారం ముందు గదిలో సంఘ పెద్దల మీటింగు. పద్నాలుగు మందికి టీ పెడుతున్నాను. ఆమె వంటింటి గుమ్మం దగ్గర నిలబడి "అమ్మగారూ, ఒక్క మాట అడగాలండీ" అంది.

"అడుగమ్మా. చేతులు ఖాళీ లేవు గానీ చెవులు ఖాళీగానే ఉన్నాయి" అన్నాను నవ్వుతూ.

"మా అక్క రమ్మంటోందండీ. వాళ్ళ ఊళ్ళో బట్టల ఫ్యాక్టరీలో నాకు పని చూసింది. తన గదిలోనే ఉండమంది. సోమవారంలోగా వస్తే పని ఖాయమంట. ఇక్కడ నావల్ల కావట్లేదండీ." జాకెట్టు చెయ్యి కాస్త పైకి లాగింది. మోచేతి పైన అరచెయ్యంత మేర నల్లగా కమిలిపోయి ఉంది. చూశాను. చూసి, టీ వడకట్టే జల్లెడ వైపు చూపు తిప్పుకున్నాను.

"వెళ్ళమంటారా, ఉండమంటారా?"

"దేవుడి కోసం కనిపెట్టుకో అమ్మా."

"ఏం కనిపెట్టాలమ్మగారూ?" అంది, అమాయకంగా.

నాకు నవ్వొచ్చింది. పాపం, మన సంఘం భాష ఇంకా అలవాటు కాలేదు అనుకున్నాను. "అలా కాదమ్మా. మన దగ్గర కనిపెట్టడమంటే ఎదురుచూడటం. ఓర్పుగా ఉండటం" అని చెప్పి, ఫ్రిజ్ మీదున్న పుస్తకం తీసి, పదిహేడో తారీఖు పేజీ తెరిచి చేతిలో పెట్టాను. "ఇది రోజూ చదువుకో."

"అలాగేనండీ" అంది. పుస్తకం చంకలో పెట్టుకుని, నేను వద్దంటున్నా వినకుండా, ఆ కమిలిన చేత్తోనే టీ ట్రే ఎత్తి పెద్దలకి అందించి వెళ్ళింది.

ఎందుకలా అన్నానని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు. మొదట్లో టీ చల్లారిపోతుందన్న కంగారు అనుకున్నాను. తర్వాత, వెళ్ళమంటే "పాస్టరుగారి భార్యే కాపురాలు విడగొడుతోంది" అని పెద్దలు మా ఆయన్ని నిలదీస్తారన్న భయం అనుకున్నాను. రెండూ నిజమే, కానీ అవి పైపైన ఉన్నవి. నా పెళ్ళైన రెండో ఏడు నాకు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. "తొందరపడొద్దు, దేవుడి చిత్తం ఏమిటో కనిపెడదాం" అన్నారు మా ఆయన. కనిపెడుతూనే ఉన్నాం. ఆ బడిలో నాతోపాటు ఎంపికైన ఆవిడ ఇప్పుడు హెడ్మిస్ట్రెస్. గుండుసూదిని వెళ్ళమని ఉంటే, మరి నువ్వెందుకు ఆగావు అని రాత్రింబవళ్ళు నన్ను నేనే పీక్కుతినాల్సి వచ్చేది. ఆమెని ఆపి నన్ను నేను ఊరుకోబెట్టుకున్నాను. అన్నిటికంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటుంది. నా దగ్గర ఒక అందమైన వాక్యం తయారుగా ఉంది. ఎవరికో ఒకరికి చెప్పాలని నోరు దురదపెడుతోంది.

నాలుగు నెలల తర్వాత గుండుసూది ఆరాధనకి రావడం మానేసింది. మూడో వారం నేను బ్రెడ్డూ పళ్ళూ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఒకటే గది. కుట్టుమెషీను మీద దుప్పటి కప్పి ఉంది. కుడిచేతికి పిండికట్టు, వేళ్ళ చివర్లు ఉబ్బిపోయి బయటికి కనిపిస్తున్నాయి. మెషీనుకి పైన, కూర్చుంటే కళ్ళకి ఎదురుగా వచ్చేలా, నా పేజీ. అంచులు కత్తెరతో తీరుగా కత్తిరించి నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చింది.

"తలుపు సందులో పడిందండీ చెయ్యి" అంది.

"తలుపు ఎవరు వేశారు?"

ఉబ్బిన వేళ్ళని కొంగు కింద దాచుకుంది. ఆ ప్రశ్న నాలుగు నెలల కిందట, ఆ కమిలిన మచ్చ చూసినప్పుడే అడగాల్సింది. రెండు వేళ్ళు ఇక వంగవని డాక్టరు చెప్పాడట. సూదిలో దారం ఎక్కించడం, గుడ్డ మడత పట్టుకోవడం ఇక ఆమెవల్ల కాదు. అలవాటైన మాటే అన్నాను. "దేవుడు నీ మొర వింటాడమ్మా."

ఆమె నా మొహంలోకి చూసింది. పెదవుల మధ్య గుండుసూదులు లేకుండా నేనామెని సరిగ్గా చూడటం అదే మొదటిసారి.

"దేవుణ్ణి రోజూ అడిగేదాన్నండీ. ఆ రోజు మిమ్మల్ని అడిగాను."

తనే మళ్ళీ అంది. "కోపం తెచ్చుకోకండి అమ్మగారూ. మీరు కనిపెట్టమంటే ముందు నేను ఏదైనా దారి కనిపెట్టమంటున్నారనుకున్నాను. నాకు తెలిసిన అర్థం అదేనండీ. అదే బాగుందేమో అనిపిస్తోంది ఇప్పుడు."

ఇంటికి నడిచి వస్తూ దారంతా ఆ పేజీ గురించే ఆలోచించాను. ఆలస్యం చేయని దేవుడని రాశాను. నిజంగానే ఆయన చెయ్యలేదు. ఆ పిల్ల మొర విన్నాడు, అక్క నోట కబురంపాడు, పని చూపించాడు, గది చూపించాడు, ఫలానా రోజులోగా రమ్మని గడువు కూడా చెప్పాడు. ఇంతకంటే తలుపు ఎలా తడతారు ఎవరైనా? ఆ గుమ్మానికి అడ్డంగా నిలబడి, ఇంకా రాలేదు, ఓర్చుకో అని వెనక్కి పంపింది నేను. అసలు పదకొండేళ్ళుగా నేను ఏ దేవుడి గురించి రాస్తున్నాను? తలుపేసుకుని లోపల ఉంటాడు, లేపకూడదు, విసిగించకూడదు, ఆయనకి బుద్ధి పుట్టినప్పుడు వస్తాడు, అప్పటిదాకా మనం చప్పుడు చెయ్యకుండా పని చేసుకుంటూ ఉండాలి. దేవుడి గుణాలనుకుని మా ఆయన గుణాలు రాశాను. నమ్మడం అంటే నోరు మూసుకోవడం అనుకున్నాను. అలా అనుకోవడం నా ఖర్మ అనుకుందాం. ఇంకొకదానికి నేర్పాను చూడండి, అదీ పాపం.

మర్నాడు వాళ్ళక్కకి ఫోన్ చేశాను. ఆ ఫ్యాక్టరీ పని ఎప్పుడో వేరేవాళ్ళకి ఇచ్చేశారట. "పని పోతే పోయిందండీ, ముందు మనిషిని పంపండి" అందావిడ. ముప్ఫై ఒక్క పేజీల్లో నేను చెప్పలేకపోయిన దేవుణ్ణి ఆ ఒక్క మాటలో విన్నాను. మొగుడు లారీ తీసుకుని వెళ్ళాక, పొద్దున పదింటి బస్సుకి, గుండుసూదిని నేనే ఎక్కించి వచ్చాను. "నన్నొక్క మాట అడగాల్సింది" అన్నారు మా ఆయన. "అడిగితే ఏమనేవారు?" అన్నాను. "ఇద్దర్నీ పిలిచి ప్రార్థన చేసేవాణ్ణి" అన్నారు.

అంతటితో ఆగిపోయేదాన్నేమో. కానీ ఈలోపు సంఘానికి నలభై ఏళ్ళు నిండుతున్నాయని, మంచి మంచి పేజీలన్నీ ఏరి ఒక పెద్ద పుస్తకం వెయ్యాలని తీర్మానించారు. ప్రెస్సు నుంచి అచ్చు కాగితాలు వచ్చాయి, తప్పులు దిద్దమని నా ముందు పడేశారు. మొట్టమొదటి పేజీ పదిహేడో తారీఖుది.

"ఇది తీసేద్దామండీ."

"అందరికీ నచ్చింది అదేగా! ఫోన్లు చేసి మరీ చెప్పారు."

"నేను తప్పు రాశానండీ."

"నువ్వు రాయడమేమిటి? దేవుడు రాయించాడు" అని అద్దంలో టై సరిచేసుకుంటూ వెళ్ళిపోయారు. మెప్పు వచ్చినప్పుడు ఆయన రాశారు, తప్పు వచ్చినప్పుడు దేవుడు రాయించాడు. నేను మాత్రం ఎప్పుడూ రాయలేదు.

ఆదివారం సాక్ష్యాల సమయంలో ఒకావిడ జ్వరం తగ్గిందని చెప్పింది, ఒక కుర్రాడు పరీక్ష పాసయ్యానన్నాడు. తర్వాత నేను లేచాను. పాస్టరుగారి భార్య సాక్ష్యం చెప్పడం అక్కడెవరూ చూడలేదు. మా ఆయన ముఖంలో, నేను మంచి మాటే చెబుతానన్న నమ్మకంతో, చిరునవ్వు.

"పదిహేడో తారీఖు పేజీ రాసింది అయ్యగారు కాదు, నేను. అది తప్పు. నా మాట నమ్మి ఒక అమ్మాయి ఆగిపోయింది, ఆగి చెయ్యి పోగొట్టుకుంది. దెబ్బలు తింటూ కూర్చోమని దేవుడు ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పాను. ఎవరైనా ఆ పేజీ దాచుకుని ఉంటే చింపెయ్యండి."

మా ఆయన గాయక బృందానికి సైగ చేశారు. పాట మొదలైంది. దాని చప్పుడులో నేను కూర్చున్నాను.

ఇంటికొచ్చాక ఆయన గది తలుపేసుకున్నారు. నేను వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే అత్తయ్య వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. తిడతారనే అనుకున్నాను. కొడుకు పరువు తీశాను కదా. ఆవిడ కళ్ళజోడు పెట్టె తెరిచి, ఎనిమిది మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి బల్ల మీద పరిచారు. నా పేజీ.

"ఇది నువ్వు రాసిందేనని నాకు చదివిన రోజే తెలిసింది" అన్నారు. "ఎదురుచూడటం గురించి మావాడేం రాస్తాడే? వాడెప్పుడు ఎదురుచూశాడు గనక?"

నాకు నవ్వు రాలేదు. ఆవిడ కాగితం మడతలు వేలితో సాపు చేస్తూనే ఉన్నారు. ఈ సంఘాన్ని స్థాపించింది మా మామయ్యే. ఆయన పోయి ఆరేళ్ళయింది. ప్రార్థన హాల్లో నిలువెత్తు ఫోటో ఉంది.

"మీ మామయ్య మొదటిసారి నా మీద చెయ్యి చేసుకున్నప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. అప్పట్లో మేం వెళ్ళే వేరే సంఘం పాస్టరమ్మగారి దగ్గరికి పోయి, మా పుట్టింటికి వెళ్ళిపోనా అని అడిగాను. ఆవిడా ఇదే మాటంది. తర్వాత నేను అమ్మగారినయ్యాక, వచ్చినవాళ్ళందరికీ నేనూ అదే చెప్పాను. నీ పేజీ చదివి, పోనీ నేను చేసింది సరైనదే అని మనసు కుదుటపడింది. అందుకే దాచుకున్నాను. ఇప్పుడేమో తప్పంటున్నావు." తలెత్తి నన్ను చూశారు. "మరి నేను ఆగిపోయిన ఆ యాభై రెండేళ్ళు ఏమైనట్టే?"

ఓదార్చే మాటలు నాకు చాలా వచ్చు. నెలకి ముప్ఫై ఒకటి రాసినదాన్ని. ఒక్కటీ నోట్లోకి రానివ్వలేదు. స్టవ్ కట్టేసి ఆవిడ పక్కన కూర్చున్నాను.

"మీకు ఆ రోజు తప్పు చెప్పారత్తయ్యా" అన్నాను.

ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. కాగితాన్ని బల్ల మీదే వదిలేసి కళ్ళజోడు పెట్టె మూసేశారు.

"పోనీలే," అన్నారు చివరికి, "ఇన్నాళ్ళకి ఎవరో ఒకరు ఆ మాట అన్నారు."