చేపలు గుడ్లు పెట్టిన మాప్

నాకు శ్రమల దినాలు, పై ఫ్లాట్ సమద్ భాయ్‌కి రోజాలు. ఇద్దరమూ కోపం మానుకోవాల్సిన నెల. ఆయన మానుకున్నాడు. నేనూ మానుకుంటానని చర్చిలో ప్రార్థన చేసి వచ్చాను గానీ, అమీర్‌పేట మెట్రో మెట్లు దిగగానే ఓ ఆటోవాడు నా నోట్లో పడ్డాడు.

మా అపార్ట్‌మెంటు వెనక సిమెంటు తొట్టి ఉంది. కార్లు కడగడానికైనా, మొక్కలకు పోయడానికైనా ఆ నీళ్లే. అందులోనే సమద్ భాయ్ ఎర్ర చేపలు. రెండేళ్లుగా శివరాత్రి దాటగానే అవి గోడ నాచుకు గుడ్లు అంటిస్తాయి. ఎండలు ముదిరి నీళ్లు దిగుతాయి, నాచు బయటపడి గుడ్లు ఎండిపోతాయి.

"జీవమణక్కా, జర గీ వారం తొట్టి నీళ్లు ముట్టద్దని అందరికి చెప్పరాదు? ఈసారి సుత ఎండిపోతే చేపలను బేగంపేటల మా దోస్త్‌కు ఇచ్చేస్త. సూడలేకపోతున్న" అన్నాడాయన. అసోసియేషన్ సెక్రటరీని నేనే మరి.

"రిజర్వాయర్లల్ల సుత గిదే కథ ఆంటీ" అంది ఆయన కూతురు జువేరియా. చేపల చదువే చదువుతోంది. "బంగారు తీగ చేప ఒడ్డు గడ్డికి గుడ్లు పెడ్తది. యాసంగి పొలాలకు నీళ్లు ఇడుస్తరు. గడ్డి బయటపడ్తది, గుడ్లు పోతయ్."

"బోరు అడుగంటింది. చేపల కోసం మనుషులను ఆపాల్నా?" అన్నాను.

ఆయన మెట్లెక్కి వెళ్లిపోయాడు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

పొద్దున్నే తొట్టి దగ్గరికి వెళ్లాను. నీళ్లు జానెడు దిగాయి. గోడ మీద నాచు ఎండి, గసగసాల్లా అతుక్కున్న గుడ్లు తెల్లబడ్డాయి. తండ్రీ కూతుళ్లు అక్కడే నిలబడి ఉన్నారు. ముందురోజు తొట్టిలో నానబెట్టిన నా కొత్త మాప్ అందుకోబోయాను. పాతది ఒకసారి మునిగిపోయిందని దీన్ని ఖాళీ నూనె డబ్బాకు కట్టి వదిలాను.

"ఆగున్రి ఆంటీ, ముట్టకున్రి" అంది జువేరియా.

మాప్ దారాల నిండా గుడ్లే. నీళ్లతో పాటు డబ్బా దిగింది, డబ్బాతో పాటు మాప్ దిగింది. ఒక్క గుడ్డూ ఎండలేదు.

"నీళ్లను ఆపుడెందుకు అబ్బా, గుడ్లనే నీళ్లెంబడి పోనియ్యాలె. రిజర్వాయర్ల సుత గడ్డిని గిట్ల తేలగట్టొచ్చు" అని పిల్ల గంతేసింది. పెద్ద చేపలు గుడ్లు తింటాయని మాప్‌ను తొట్టిలోనే ఉంచి, ఆ చేపలనే నా బట్టల టబ్‌లోకి మార్చింది. నేను పాత చీరముక్కతో మోకాళ్ల మీద కూర్చుని ఇల్లు తుడుచుకున్నాను. మోకాళ్లు నన్ను తిట్టాయి, నేను ఎవర్నీ తిట్టలేదు.

ఆదివారం చర్చికి తయారై, వెళ్లే ముందు తొట్టిలోకి తొంగిచూశాను. దారాల పక్కన చిన్న చిన్న కళ్లు కదులుతున్నాయి. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. కేకేస్తే సమద్ భాయ్ లుంగీతోనే దిగొచ్చాడు. చూసి కళ్లు తుడుచుకున్నాడు.

కారు కడగడానికి బకెట్‌తో వచ్చిన డ్రైవర్ నన్ను చూసి ఆగిపోయాడు.

"తీస్కపో అయ్యా, నీళ్లు దిగితే దిగనియ్" అన్నాను. "ముంచేటప్పుడు మాత్రం జర సూసి ముంచు."

"బేగంపేట దోస్త్‌కు ఏం చెప్తవ్ భాయ్?" అని సమద్ భాయ్‌ని అడిగాను.

"ఒచ్చి సూసిపొమ్మంట" అని నవ్వాడు. "నీకు కొత్త మాప్ తెచ్చిస్త అక్కా."

"రెండు తే. ఒకటి ఇంటికి, ఒకటి వచ్చే ఏడు చేపలకు."