మోకాలెత్తుకు కోసిన కాఫీ చెట్టు

గింజల్లో ఒక్కటీ మొలవలేదని ఓనరమ్మకు ఎట్లా చెప్పాలో తెలియక, తొంభై ఆరు శ్రావణమాసంలో దేవమ్మ మూడు రోజులు పెరటివైపు తల తిప్పలేదు.

బీరంగూడలో ఆ ఇంటి వెనక గదిలోకి కిరాయికి దిగి రెండేళ్లయింది. భర్త చిన్నరాములు పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. ఒళ్లో పది నెలల పిల్ల. ఏడో తరగతిలోనే బడి మాన్పించడం వల్లనో ఏమో, దేవమ్మకు ప్రతిదానికీ భయమే. పిల్ల తుమ్మితే భయం, నిద్రలో కదలకపోతే ఇంకా భయం. మొక్కల దగ్గర మాత్రం ఆ భయం ఉండేది కాదు. పగిలిన బకెట్లో ఆమె పెట్టిన బీరతీగ రేకుల మీదికి పాకి పుట్టెడు కాయలు కాసింది. అది చూసే ఓనరమ్మ కమలాకుమారి మాఘంలో తన కాఫీ పళ్లు తెచ్చి ఆమె చేతిలో పోసింది.

పెరట్లో బోరు పక్కనున్న ఆ కాఫీ చెట్టుకు అరచేతిని మించిన ఆకులు, రేగుపండంత కాయలు. విశాఖ ఏజెన్సీ తోటల్లో పనిచేసిన అన్న తెచ్చి నాటాడని కమలాకుమారి చెప్పేది. తోటలవాళ్లు చిన్నాకు రకం వేసుకుని ఈ పెద్దాకు రకాన్ని పీకేశారట. అన్న ఇప్పుడు లేడు. కంపెనీల మురికి భూమిలోకి దిగి, మూడేళ్లుగా బోరు నీళ్లు పచ్చగా వస్తున్నాయి. చెట్టు మొదట్లో తెల్లగా ఉప్పు పేరుకుని, కొమ్మలు పైనుంచి ఎండుకొస్తున్నాయి. ఈసారి దిగినవి ఇరవై రెండే కాయలు. ఇక కాస్తుందో కాయదో, నీ చెయ్యి మంచిది, మొలిపించి పెట్టమంది ఓనరమ్మ.

దేవమ్మ తన తల్లి జొన్న విత్తనానికి, కంది విత్తనానికి ఏం చేసేదో అదే చేసింది. పంటికింద కటుక్కుమనేదాకా గింజల్ని డాబా మీద ఎండబెట్టింది. బూడిద కలిపి కుండలో పోసి, మూతికి పేడ అలికింది. మృగశిర కార్తె దాకా ముట్టలేదు. కార్తె రాగానే నాటింది. ఆషాఢం పోయింది. చివరికి మట్టి తవ్వి ఒక గింజ చిదిపితే లోపల ఎర్రటి పొడి తప్ప ఏమీ లేదు.

గింజలే పుచ్చినయని చెప్పెయ్యమన్నాడు చిన్నరాములు. "ఆమెకేం ఎర్క?"

"ఆమెకు లేకుంటే లేదు. నాకు ఎర్కనే గద," అంది దేవమ్మ. మరునాడు పిల్లను చంకనెత్తుకుని వెళ్లి, ఎండబెట్టిన సంగతితో సహా అంతా చెప్పింది.

చిక్కుడుకాయలు ఈనె తీస్తున్న కమలాకుమారి చేతులు ఆగిపోయాయి. "ఎండబెట్టావుటే? మా అన్నయ్య కోసిన వారంలోపే గుజ్జు కడిగి, తడి ఆరకుండా నాటేవాడు. ఎండితే ప్రాణం పోతుందనేవాడు." మళ్లీ ఒక కాయ చేతిలోకి తీసుకుని, "నేనైనా చెప్పానా నీకు," అంది.

గది ఖాళీ చేయమంటుందనుకుని వచ్చిన దేవమ్మకు ఆ మాట ఇంకా బరువనిపించింది. ఇంటికి పోకుండా చెట్టు దగ్గర నిలబడింది. పక్కనే, నర్సరీ నడిపే వీర్రాజు రెండేళ్ల కిందట ఈ చెట్టు కొమ్మనే గుచ్చిన కుండీ ఉంది. ఆ కొమ్మ బతికింది కానీ లేచి నిలబడలేదు. గుమ్మడి తీగలా కుండీ అంచు దాటి నేల మీదికి వాలింది. కట్టెకు కడితే కొత్త చిగురు మళ్లీ పక్కకే పోతుంది. దేవమ్మ చెట్టును పైనుంచి కిందిదాకా చూసింది. కొమ్మలన్నీ పక్కకు చాచినవే, నిలువుగా ఉన్నది మొద్దొక్కటే. పక్కకొమ్మకు పక్కకు పోవడమే తెలుసు. నిలువు మొక్క కావాలంటే మొద్దు నుంచి నిలువు చిగురు రావాలి. ఈ చెట్టుకు అలాంటిది ఒక్కటీ లేదు.

పుట్టింట్లో తమ చేను గట్టు మీది సీతాఫలం చెట్లను ఏటా పొయ్యిలోకి నరికేవాళ్లు. వానలు పడగానే ఒక్కో మోడు నుంచి పది నిలువు కొమ్మలు లేచేవి.

"కొయ్యాలె అమ్మా," అంది లోపలికొచ్చి. "మోకాలెత్తుకు కొయ్యాలె చెట్టును."

కమలాకుమారి ముఖం ఎర్రబడింది. "గింజలు పోగొట్టావు. ఉన్నదొక్కటీ కోసేస్తానంటావా?"

దేవమ్మ వెనక్కి తగ్గలేదు. "గింజ సంగతి ఎర్క లేకనే ఎర్కున్నట్టు చేసిన. గది నా తప్పే. ఇది నేను కండ్లతోని చూసిన పని. పైనుంచి ఎండుకుంట వస్తున్నది. దసరా నాటికి మొదలుదాక వస్తది. అప్పుడు కోసినా మొలవది." ఆమెను చెట్టు దగ్గరికి పిలుచుకెళ్లి, గోరుతో మొదలు బెరడు గీకి చూపించింది. లోపల పచ్చి మెరిసింది.

రెండు రోజులు కమలాకుమారి వెళ్లి ఎండిన కొమ్మలు విరిచి చూసింది. మూడోనాడు పొద్దున్నే భర్త పనిముట్ల పెట్టెలోంచి రంపం తెచ్చి ఇచ్చింది. "నేను చూడలేను. అయ్యాక పిలువు."

దేవమ్మ వాలుగా కోసింది. కోసిన చోట పేడ పూసింది. ఉప్పు మన్ను జానెడు లోతు తీసేసి కొత్త మన్ను పోసింది. బోరు నీళ్లు ఆపేసి, రేకుల మీంచి జారే వాన నీళ్లు డ్రమ్ములో పట్టింది. వాన లేనప్పుడు, రోజు విడిచి రోజు కుళాయిలో వచ్చే మంజీర నీళ్లలో ఒక బిందె మోడుకు పోసింది.

"మనకు రెండు బిందెలు, గా మోడుకొకటా?" అన్నాడు చిన్నరాములు. "రేషన్ కార్డుల దాని పేరు గూడ ఎక్కియ్యరాదు?"

నాలుగు వారాలు మోడు మోడులాగే ఉంది. పొద్దున లేస్తే పిల్ల కంటే ముందు దాన్నే చూసేది. ఐదో వారంలో బెరడు మీద సజ్జగింజలంత బుడిపెలు లేచాయి. ఇంకో నెల తిరిగేసరికి ఆరు చిగుళ్లు, ఆరూ నిలువుగానే. బలమైనది చెట్టుకే వదిలి, మిగిలినవి జానెడు దాటాక కోసింది. నీరు ఆవిరైపోకుండా ఆకుల్ని సగానికి కత్తిరించి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి, ఒక్కోదాని మీద గాజుసీసా బోర్లించింది. రెండు కుళ్లిపోయాయి. మూడు కొత్త ఆకు వేసుకున్నాయి. మళ్లీ మాఘం వచ్చేసరికి కుండీల అడుగు చిల్లుల్లోంచి తెల్లటి వేళ్లు తొంగిచూశాయి.

మొక్కలు నిటారుగా నిలబడ్డాయి. కమలాకుమారి వాటి చుట్టూ తిరిగింది. ఒకటి ఇంటి ముందు నాటుదామంది, ఒకటి రాజమండ్రిలో చెల్లెలికి పంపుదామంది. మూడోదాని దగ్గర ఆగింది.

"గది నాది," అంది దేవమ్మ.

"అడుగుతున్నావా, చెబుతున్నావా?"

"చెప్తున్న."

కమలాకుమారి నవ్వింది. "అయితే పట్టుకెళ్లు. ఈసారి కాస్తే మాత్రం ఎండబెట్టకు."

దేవమ్మ కుండీని ఎత్తి తన గది గుమ్మం పక్క నీడలో పెట్టింది. పిల్ల తప్పటడుగులేస్తూ వచ్చి ఆకును పీకబోయింది. దేవమ్మ కేకలేయలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని, ఆకును ఎట్లా ముట్టుకోవాలో చూపించింది.